టీగ్ ఎడమకాలు

టొలీడో
నవంబరు 27, 1984

స్టీమర్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కోచ్ రాయ్ డ్రెస్లర్ గారికి,

గేజా బార్తా నమస్కారాలు. ఈ పేరు మీకు గుర్తుండకపోవచ్చు. మూడేళ్ళ క్రితం వరకూ మనం తలపడబోయే జట్ల ఆట ముందుగా వెళ్ళి చూసి, వాళ్ళ బలమెక్కడుందో లోపమెక్కడుందో రాసి మీ బల్ల మీద పెట్టే పని నాది. ఏ ఊళ్ళోనైనా స్టేడియంలో అన్నిటికన్నా పై వరసలో, గాలి ఎక్కువగా కొట్టే సీటులో, దుర్భిణీ పట్టుకుని కూర్చునే ముసలాణ్ణి. "ఆయనకి చూపు ఆనడం లేదు, ఇంటికి పంపేయండి" అని మీరు మీ మేనేజరుతో అన్నారు. చెవుల గురించి ఏమీ అనలేదు కాబట్టి పక్కనే నిలబడి విన్నాను.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోందని పేపర్లో చదివాను. దానికి చలి వెయ్యదు, సూప్ అడగదు, ఎదురు చెప్పదు. మీకు మొదటినుంచీ కావలసిన ఉద్యోగి అదే.

సరే, పాత సంగతులు ఎందుకు. డిసెంబరు పదహారున ఒమాహా డ్రోవర్స్ మన ఊరు వస్తున్నారు. గెలిస్తే మన జట్టు ఛాంపియన్‌షిప్ పోటీలకి వెళ్తుంది. ఓడితే అందరూ ఇంటికి పోయి క్రిస్మస్ చెట్టు అలంకరించుకోవడమే. మొన్న ఆదివారం డ్రోవర్స్ చికాగోలో ఆడుతుంటే బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చాను. ఎవరూ పంపలేదు. అలవాటు చావలేదు, అంతే.

వాళ్ళ ఎడమ ట్యాకిల్ ఓర్విల్ టీగ్‌ని చూశాను. బంతి విసిరేవాడి వీపు వైపు నుంచి ఎవరూ వచ్చి పడకుండా కాసే మనిషి. టీగ్ వాళ్ళ బలం అని అన్ని జట్లూ రాసుకుంటాయి. నేను ఒప్పుకోను. టీగ్ లోపం టీగ్ ఎడమకాలే. బంతి విసరబోయే ప్రతిసారీ, ఆట మొదలయ్యే ముందు వంగి ఉన్నప్పుడే, టీగ్ తనకి తెలియకుండా ఎడమకాలు జానెడు వెనక్కి పెడతాడు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తబోతుంటే ఆ కాలు కదలదు. వాళ్ళు ఏం చెయ్యబోతున్నారో టీగ్ కాలు ముందే చెప్పేస్తోంది. మూడేళ్ళ క్రితం ఇదే మాట రాసిచ్చాను. అది చదివాకే మీరు నా చూపు గురించి మాట్లాడారు.

నాకు ఉద్యోగమూ వద్దు, సన్మానమూ వద్దు. పదహారో తారీకున ఆ కాలు కదిలితే "బార్తాకి చూపు ఆనుతోంది" అని మీ నోటితో ఒక్కమాట అనండి. మా చెల్లెలు మార్గిట్, ఒక డాక్టరూ కలిసి నా కళ్ళకి ఆపరేషన్ చెయ్యాలని పట్టుబట్టి కూర్చున్నారు. ఆ ఆదివారం దాకా ఆగమన్నాను. కాలు కదిలితే నా కళ్ళు నావి. కదలకపోతే మీరే నిజం, నేను ఇన్నాళ్ళూ మబ్బుని చూసి మనిషనుకున్నట్టు.

ఇట్లు
గేజా బార్తా

తా.క.: వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అదే ఆ బంతి విసిరేవాడు, ప్రతి ఆటకి ముందూ వేళ్ళు నాక్కుంటాడు. అది లోపం కాదు, అలవాటు. కోడి వేపుడు తిని చెయ్యి కడుక్కోకుండా వస్తాడనుకుంటాను. ఈ రెంటికీ తేడా మీ కంప్యూటర్ని అడిగి చూడండి.

*

స్టీమర్స్ కార్యాలయం
అభిమానుల ఉత్తరాల విభాగం
నవంబరు 30, 1984

ప్రియమైన అభిమాని బార్తా గారికి,

మీ ఉత్తరం అందింది. ఓర్విల్ టీగ్ గారి మీద మీకున్న ప్రేమ మమ్మల్ని కదిలించింది. ఆయన వేరే జట్టు ఆటగాడైనా మీ అభిమానాన్ని మేం గౌరవిస్తాం. ఫుట్‌బాల్ మనుషుల్ని కలుపుతుంది.

ఈ విభాగానికి రోజూ గోతాలకొద్దీ ఉత్తరాలు వస్తాయి. అన్నీ ఆసాంతం చదవడం మా వల్ల కాదు. ఏ ఉత్తరంలో ఎవరి పేరు ఎక్కువసార్లు కనిపిస్తే అది వాళ్ళ గూట్లో పడుతుంది, సాయంత్రానికి వాళ్ళకి వెళ్ళిపోతుంది. మీ ఉత్తరాన్ని కూడా ఆ పద్ధతిలోనే పంపించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మా జట్టు చిహ్నం, ముద్దుల ఎలుగుబంటి కెప్టెన్ బాయిలర్ ఫోటో ఒకటి, సంతకంతో సహా, దీనితో జతచేస్తున్నాం.

మీ శ్రేయోభిలాషి
మార్జొరీ ప్లంకెట్

తా.క.: మీ చెల్లెలి గారి కంటి ఆపరేషన్ బాగా జరగాలని మా విభాగమంతా కోరుకుంటోంది.

*

టొలీడో
డిసెంబరు 3, 1984

ప్లంకెట్ అమ్మాయికి,

ఆపరేషన్ మా చెల్లెలికి కాదు. దానికి చర్చిలో మూడు వరసల అవతల ఎవరి కోటుకి గుండీ ఊడిందో కూడా కనిపిస్తుంది. నాకు టీగ్ మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. అది నా వృత్తి. నీ గూళ్ళ సంగతి నాకెందుకు. ఉత్తరం చేరవలసిన మనిషికి చేరిందన్నావు, అది చాలు. కింది పేరా కూడా చింపి ఆ మనిషికే అందజెయ్యి.

డ్రెస్లర్ గారూ, పోయిన ఉత్తరంలో లోపం చెప్పి మందు చెప్పలేదు. టీగ్ ఎడమకాలు వెనక్కి వెళ్ళిందంటే టీగ్ బరువంతా బయటివైపుకి వాలుతుంది. అప్పుడు టీగ్‌కి లోపలివైపు తలుపు బార్లా తీసినట్టే. బంతి విసిరేవాడి మీద పడే మన కుర్రాడు కర్టిస్‌ని టీగ్ ఎదుట నిలబెట్టి ఆ కాలు మీదే కన్ను వెయ్యమనండి. కదిలిన మరుక్షణం లోపలినుంచి వెళ్ళి కొట్టాలి. నా మాట వింటే ఆ మధ్యాహ్నం టీగ్ సగం సేపు నేల మీదే ఉంటాడు. టీగ్‌కి పాపం వయసైపోయింది, మోకాళ్ళకి కట్లు కట్టుకుని ఆడుతున్నాడు. అయినా జాలి పడొద్దు. నా మీద ఎవరు పడ్డారు?

ఈ మధ్య పాత రోమ్ యుద్ధాల చరిత్ర మళ్ళీ చదువుతున్నాను. గెలిచిన ప్రతి సేనాధిపతి దగ్గరా చెట్టెక్కి అవతలి గుడారాలు చూసొచ్చే ముసలాడు ఒకడున్నాడు. వాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. టీవీలో వ్యాఖ్యానం చెప్పే మన మాజీ ఆటగాళ్ళకి చెట్టెక్కక్కర్లేదు. ఆట అయిపోయాక "నేను ముందే అనుకున్నాను" అంటే జీతం ఇస్తారు.

ఇట్లు
గేజా బార్తా

తా.క.: ఎలుగుబంటి ఫోటో మార్గిట్ వంటింట్లో అంటించింది. పోలికలు బాగా కలిశాయంది. ఎవరితోనో చెప్పలేదు, నేనూ అడగలేదు.

*

స్టీమర్స్ కార్యాలయం
అభిమానుల ఉత్తరాల విభాగం
డిసెంబరు 6, 1984

బార్తా గారికి,

మీ రెండో ఉత్తరం మమ్మల్ని కలవరపెట్టింది. మోకాళ్ళ జబ్బుతో ఉన్న ఒక ఆటగాణ్ణి పొంచి ఉండి కాలి మీద కొట్టాలనీ, జాలి చూపించవద్దనీ మీరు రాశారు. ఆటగాళ్ళ భద్రత విషయంలో మా సంస్థ రాజీపడదు. నిబంధనల ప్రకారం ముందుగా హెచ్చరించవలసిన వారికి మీ ఉత్తరం నకలు పంపించాం. పోలీసు శాఖకి కూడా తెలియజేశాం.

ప్రేమ మితిమీరితే ఇలా మారుతుందని మా విభాగానికి అనుభవమే. మనసు విప్పి మాట్లాడుకోవడానికి మీ చర్చి ఫాదరీని కలవవలసిందిగా సలహా.

మార్జొరీ ప్లంకెట్

తా.క.: కెప్టెన్ బాయిలర్ ఫోటో తిరిగి ఇవ్వనక్కర్లేదు.

*

టొలీడో
డిసెంబరు 10, 1984

ప్లంకెట్ గారికి,

మీరు పంపిన పోలీసు శనివారం వచ్చాడు. పేరు వొజ్నియాక్. మంచి కుటుంబం కుర్రాడు, కాళ్ళ మంచు దులుపుకుని లోపలికి వచ్చాడు. మార్గిట్ అతని ముందు మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు పెట్టింది. అతను వాటిని ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో రాసుకుంటూ నన్ను విచారించాడు.

"ఈ టీగ్ అనే ఆయన్ని ఏం చేద్దామని, పెద్దాయనా?"

"పడగొడదామని."

"ఎప్పుడు?"

"ఆదివారం మధ్యాహ్నం. అందరూ చూస్తుండగానే."

"ఒక్కడివేనా?"

"నాకెందుకు బాబూ శ్రమ. పదకొండు మంది ఉన్నారు, జీతాలు తీసుకునేవాళ్ళు."

అతను రాయడం ఆపాడు. మార్గిట్ ఇంకో చుట్ట వడ్డిస్తూ, "ఈయన్ని గుమ్మం ముందు మెట్లు దింపాలంటే నేను రెక్క పట్టుకోవాలి. మీరు రాసుకోండి నాయనా, నాక్కూడా ఒక కాపీ ఇవ్వండి, డాక్టరుకి చూపిస్తాను" అంది. ఆ తరవాత విషయం అర్థమై అతను చాలాసేపు నవ్వాడు. వెళ్తూ వెళ్తూ ఆ కాలు సంగతి నిజమేనా అని గొంతు తగ్గించి అడిగాడు. స్టేషన్లో పందేలు కాస్తున్నారట. ఈ ఊళ్ళో నా నివేదిక శ్రద్ధగా విన్నవాడు ఒక్కడే, వాడూ నన్ను అరెస్టు చెయ్యడానికి వచ్చినవాడు.

ఇక అసలు సంగతి. ఇది డ్రెస్లర్ గారికి. నిన్న డ్రోవర్స్ ఆట టీవీలో చూశాను. టీవీలో టీగ్‌ని చూడటం అంటే తాళం కన్నంలోంచి పెళ్ళి చూడటం. బంతి కదిలే ముందు టీగ్ కాలు చూపించరా అంటే చీర్‌లీడర్ల కాళ్ళు చూపిస్తారు, తరవాత బీరు ప్రకటన. అయినా రెండు మూడుసార్లు టీగ్ కనిపించాడు. టీగ్ కాలు కదలలేదు. బంతి విసిరారు, కాలు కదలలేదు. నేను లేచి వెళ్ళి టీవీ అద్దం తుడిచాను. మార్గిట్ డాక్టరు ఫోన్ నంబరున్న చీటీ వెతకడం మొదలుపెట్టింది. అది చూస్తేనే నాకు భయం వేసింది.

టీవీలో తెలియదు. స్టేడియంలో చూడాలి. పాత ఉద్యోగినని ఒక టికెట్టు అడుగుతున్నాను. పై వరసైనా సరే.

ఇట్లు
గేజా బార్తా

తా.క.: మీరు నన్ను కలవమన్న మా ఫాదరీ ఫెజెర్‌కి తొంభై ఏళ్ళు. కలిశాను. మనసు విప్పి ఆయనే మాట్లాడాడు. కర్టిస్‌ని లోపలినుంచి పంపమన్నాడు.

*

స్టీమర్స్ కార్యాలయం
అభిమానుల ఉత్తరాల విభాగం
డిసెంబరు 12, 1984

గౌరవనీయులైన బార్తా గారికి,

ఆఫీసర్ వొజ్నియాక్ నివేదిక చదివాం. మీ విషయంలో పెద్ద పొరపాటు జరిగిందని గుర్తించి సిగ్గుపడుతున్నాం. మీరు ప్రమాదకరమైన మనిషి కారు. పరాయి ఊళ్ళో ఒంటరిగా చిక్కుకుపోయిన డ్రోవర్స్ అభిమాని. టీగ్ గారి కాలు బాగోలేదేమోనని మీరు పడుతున్న ఆందోళన ఇప్పుడు మాకు పూర్తిగా అర్థమైంది.

మా తప్పు దిద్దుకునే ప్రయత్నంగా అతిథి జట్టు అభిమానుల విభాగంలో, మొట్టమొదటి వరసలో, ఒమాహా వారి బెంచీ వెనకే ఒక సీటు మీకు కేటాయించాం. మీ టీగ్ గారిని చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి చూడవచ్చు. డ్రోవర్స్ కొమ్ముల టోపీ ఒకటి కూడా పంపుతున్నాం. అది పెట్టుకుంటేనే ఆ విభాగంలోకి రానిస్తారు.

మీ శ్రేయోభిలాషి
మార్జొరీ ప్లంకెట్

తా.క.: యథాప్రకారం మీ మూడో ఉత్తరం కూడా అదే గూట్లో పడింది.

*

టొలీడో
డిసెంబరు 18, 1984

డ్రెస్లర్ గారికి,

ఇది నా ఆఖరి ఉత్తరం. గొడవ పెట్టుకోవడానికి కాదు. నిజం తెలిసిన మనిషి అది అవతలివాళ్ళకి చెప్పి పోవాలి, లేకపోతే నేనూ టీవీ వ్యాఖ్యాతనే.

ఆదివారం వచ్చాను. ముప్పై ఏళ్ళు ఈ జట్టు ఉప్పు తిన్నవాణ్ణి, నెత్తి మీద శత్రువు కొమ్ములు పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన ఒమాహా నుంచి వచ్చిన ఒకావిడ పశువుల మెడలో కట్టే గంట వాయిస్తూనే ఉంది. మంచు కురుస్తోంది. అంత దగ్గర సీటు జన్మలో ఎప్పుడూ దొరకలేదు. టీగ్ బూటు మీద బురద మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. దుర్భిణీ సంచిలోంచి తియ్యలేదు.

టీగ్ కాలు కదలలేదు. బంతి విసిరారు, కదలలేదు. పరిగెత్తారు, కదలలేదు. సిమెంటులో పాతినట్టు ఉంది. సగం ఆట అయ్యేసరికి నన్ను నేనే అడగడం మొదలుపెట్టాను. చికాగోలో ఏం చూశాను? మూడేళ్ళ క్రితం ఏం చూశాను? అంతకుముందు ముప్పై ఏళ్ళూ ఏం చూసి రాశాను? మీ కర్టిస్ టీగ్‌ని దాటి ఒక్కసారి కూడా పోలేకపోయాడు. వాడి తప్పు కాదు.

చివరి నిమిషం సంగతి మీకు తెలుసు. అయినా నేను చెప్పాలి. మనం మూడు పాయింట్లు ముందున్నాం. వాళ్ళు మన గోల్ గీత ముందు ఉన్నారు, వాళ్ళకి ఆఖరి అవకాశం. ఊరు ఊరంతా అరిచి అరిచి గొంతు పోయి నిశ్శబ్దంగా కూర్చుంది. టీగ్ వంగాడు. అప్పుడు, మొదటిసారిగా, టీగ్ ఎడమకాలు వెనక్కి వెళ్ళింది. జానెడు. సరిగ్గా జానెడు.

నేను లేచాను. మార్గిట్ రెక్క పట్టుకోకుండా నా అంతట నేనే లేచాను. "కర్టిస్, లోపలికి!" అని అరిచాను.

కర్టిస్‌ని అలబామాలో ఊరూ పేరూ లేని కాలేజీలో పట్టుకుని ఈ జట్టుకి తెచ్చింది నేను. నా గొంతు వాడికి తెలుసు. నమ్మకమూ ఉంది, పాపిష్టివాడికి. లోపలికి దూకాడు. వాళ్ళు బంతి విసరలేదు. కర్టిస్ వదిలేసిన చోటునుంచే, టీగ్ భుజం పక్కనుంచే, నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళి గీత దాటారు. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

గంటావిడ నన్ను కావలించుకుంది. "భలే ఏమార్చావు తాతా, మావాడివి అనిపించుకున్నావు" అని తన దగ్గరున్న విస్కీ తాగించింది. నేను తాగాను.

మీరు అన్నదే నిజం. నాకు చూపు ఆనడం లేదు. లేనిది కనిపిస్తోంది, ఉన్నది కనిపించడం లేదు. నా మాట విన్న ఒక్క ఆటగాణ్ణీ ఊరందరి ముందూ దోషిని చేశాను. కర్టిస్‌ని ఏమీ అనకండి. ఆ అరిచినవాడు గేజా బార్తా అని పేపరువాళ్ళకి చెప్పండి. జనవరిలో ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. దుర్భిణీ మా చర్చి పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చేశాను. టీగ్ సంగతి ఇక ఎత్తను. టీగ్ గోడే. టీగ్ బలమే. నేనే తప్పు రాసుకున్నాను.

ఇక సెలవు.
గేజా బార్తా

తా.క.: ఆ ఆఖరి అవకాశంలో బంతి విసురుతారని మీ కంప్యూటర్ కూడా చెప్పిందని పేపర్లో చూశాను. అదీ నేనూ ఒక మాట మీద ఉండటం ఇదే మొదటిసారి. దానికీ చూపు ఆనడం లేదని ఇంటికి పంపుతారా?

*

ఒమాహా
డిసెంబరు 26, 1984

గేజా బార్తా గారికి,

నేను ఓర్విల్ టీగ్‌ని. ఎడమకాలు నాదే.

ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని దిద్దుతోంది. మీరు రాసిన నాలుగు ఉత్తరాలూ మీ స్టీమర్స్ ఆఫీసువాళ్ళ కవర్లలో నాకు వచ్చాయి. అవి డ్రెస్లర్‌కి చేరలేదు. ఆయన పేరు మీరు ఒకటి రెండుసార్లే రాశారట, నా పేరు వరసకి ఒకటి రాశారట. మీ ప్లంకెట్ గారు ఫోనులో చెప్పారు. రెండో ఉత్తరానికైతే నాకు ప్రాణాపాయం ఉందని ఎర్ర సిరాతో రాసిన కాగితం కూడా గుచ్చారు.

మొదటి ఉత్తరం బట్టలు మార్చుకునే గదిలో పైకి చదివితే అందరూ నవ్వారు. మా కోచ్ నవ్వలేదు. వెళ్ళి పాత ఆటల ఫిల్ములు వేసుకుని చూశాడు. బయటికొచ్చి నన్ను వంగోమని, నేల మీద టేపు పెట్టి కొలిచాడు. జానెడే సార్. మీరు చికాగోలో పై వరసనుంచి, వానలో చూసిందీ జానెడే.

మూడేళ్ళుగా కుర్రాళ్ళు నన్ను దాటి పోతున్నారు. బయట ఎంత పేరున్నా, టీగ్ కాళ్ళు పోయాయి అన్నారు మా జట్టులో అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఈ ఏడాది అయ్యాక మా మామగారి పశువుల దాణా కొట్లో కూర్చుందామని మాట కూడా ఇచ్చేశాను. పోయింది కాళ్ళు కాదని, ముందే చెప్పేస్తున్నాయని మీరు రాసేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. కాలు కదపకుండా ఉండటం రాత్రనక పగలనక నేర్చుకున్నాను. తొమ్మిదో తారీకు ఆటకే మానేశాను. మీ టీవీ బాగానే ఉంది.

ఆఖరి అవకాశంలో ఆ ఒక్కసారి కాలు వెనక్కి పెట్టింది కావాలనే. మా కోచ్ ఆలోచన. మీ కంప్యూటర్‌కి ఇన్నాళ్ళూ తెలియకపోయినా మీ ఉత్తరాల్లో ఒక్కటైనా డ్రెస్లర్‌కి చేరి ఉంటుందని లెక్క వేశాడు. చేరలేదు. కాని మా బెంచీ వెనకనుంచి మీ అరుపు వినిపించింది. కర్టిస్ లోపలికి దూకుతుంటే నాకు ఒక్క క్షణం చాలా బాధేసింది. నిజం చెప్తున్నాను. ఆ స్టేడియంలో అంతమంది ఉంటే నా కాలు చూసినవాళ్ళు మీరొక్కరే. కొమ్ములు పెట్టుకుని ఉన్నారు.

మీ చివరి ఉత్తరం చదివి మా ఆవిడ ఏడ్చింది. వెంటనే రాయమంది. మీకు చూపు ఆనుతోంది సార్. ఈ మాట డ్రెస్లర్ అనాలి, ఆయనకి తెలియదు కాబట్టి నేను అంటున్నాను. కర్టిస్‌కి కూడా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ముందు నన్ను తిట్టాడు. తరవాత మీకు కోపం వచ్చిందా అని అడిగాడు. చర్చి అమ్మకంలో ఆ దుర్భిణీ ఎవరైనా కొనకముందే వెనక్కి తెచ్చుకోండి.

ఆపరేషన్ మాత్రం చేయించుకోండి. మా అమ్మ చేయించుకుంది, ఏమీ కాలేదు. అది అయ్యాక మీకు ఇంకేమేం కనిపిస్తాయోనని మా కోచ్‌కి ఇప్పటినుంచే దిగులు పట్టుకుంది.

దాణా కొట్టు ఇంకో ఏడాది ఆగుతుందని మామగారికి చెప్పేశాను.

మీ
ఓర్విల్ టీగ్

తా.క.: మా క్వార్టర్‌బ్యాక్ విషయం. కోడి వేపుడు కాదు, వేరుశనగ ముద్ద. మిగతాదంతా మీరు రాసినట్టే.

ఇంకొక తా.క.: వచ్చే ఏడు కూడా మేం టొలీడో వస్తాం. నా కుడికాలు గురించి ఏదైనా కనిపిస్తే దయచేసి డ్రెస్లర్ గారికి వివరంగా ఒక ఉత్తరం రాయండి. నా పేరు ఎక్కువసార్లు రాయండి. మీ ఆఫీసువాళ్ళకి మాత్రం ఈ సంగతేమీ చెప్పొద్దు. పద్ధతి మార్చేస్తారు.